ఖో ఇవ్వని ఖో-ఖో జట్టు

ఆ రోజుల్లో గచ్చిబౌలి వైపు మనుషులకన్నా బండరాళ్లే ఎక్కువ. మాదాపూర్‌లో లేస్తున్న అద్దాల భవనం గురించి ఊరంతా వింతగా చెప్పుకునేది. నాకు అంతకంటే పెద్ద వింత, యూనివర్సిటీ మైదానంలో నా ఈడు ఆడపిల్లలు ఎనిమిది మంది ఒక్కచోట కనిపించడం. డిగ్రీ దాకా నా బడీ కాలేజీ అన్నీ మా అమ్మే (పరీక్షలు ప్రైవేటుగా రాశాను). ఎమ్మేలో చేరిన నెలకే, ఖో-ఖో జట్టులో తొమ్మిదో మనిషి తక్కువైందని నన్ను లాక్కున్నారు. హఫీజ్‌పేట్ స్టేషన్లో నేను రైలు వెంట పరుగెత్తడం కెప్టెనక్క చూసిందట. (ఆ రైలు నాకు అందలేదని ఆమెకు చెప్పలేదు.)

వాళ్లతో కలిసి చెట్టు నీడలో టిఫిన్ డబ్బా విప్పుకోవడమే నా మొదటి స్నేహం. అందుకు రోజూ ప్రార్థనలో కృతజ్ఞత చెప్పుకునేదాన్ని. అంతటితో ఊరుకోవాల్సింది. జట్టుకు నేనూ ఏదో మేలు చేద్దామని, శనివారం ఇంకో కాలేజీతో మ్యాచ్ ఉందనగా సోమవారం ఒక చార్టు తెచ్చాను. ఎవరెవరు ఎంతమందిని ఔట్ చేస్తారో అడిగి, గుండ్రటి అక్షరాలతో రాసి ఆటల గదిలో అంటించాను. కెప్టెనక్క నలుగురంది. కాకినాడ నుంచి వచ్చిన పొడుగమ్మాయి అయిదుగురంది. అందరూ నా దస్తూరీ మెచ్చుకున్నారు.

మంగళవారం నుంచి ఎవరూ ఖో ఇవ్వలేదు. వెంటాడే మనిషి కూర్చున్నవాళ్ల మధ్య నుంచి అవతలికి దాటకూడదు. వీపు తట్టి "ఖో" అంటే, కూర్చున్న పిల్ల లేచి అటువైపు తరమాలి. కానీ ఖో ఇస్తే ఔట్ ఆ పిల్ల పేరున పడిపోతుందే! అందుకని మావాళ్లు ఒంటరిగా చుట్టూ పరుగులు పెట్టారు. ప్రాక్టీసు కోసం పట్టుకొచ్చిన హాస్టల్ పిల్ల అవతల నడుము మీద చేతులేసుకుని ఆవులించింది.

"అక్కా, నా ముందే ఉంది, ఖో ఇవ్వవేంటి!" అని పొడుగమ్మాయి అరిచింది.

"జర ఆగరాదే, ఇంకొక్కతి దొరికితే నాది అయిపోతది," అంది కెప్టెనక్క.

"నీదయ్యేదాకా మేమిక్కడ మొలకలెత్తాలా?"

"మొలకలొస్తే నీళ్లు పోస్త తియ్!"

గురువారానికి డబ్బాలు తొమ్మిది చోట్ల విప్పుకున్నాం. సాయంత్రం కెప్టెనక్క బూట్లు విప్పేసి, "ఇగ మీరే ఆడుకోండ్రి, శనివారం నేను రాను" అంది. ఆమె రాకపోతే మ్యాచ్ లేదు, జట్టూ లేదు, నాకు మళ్లీ మనుషులే లేరు. 'ప్రభువా, విరగ్గొట్టింది నేనే, అతికించే దారి నువ్వే చూపించు' అనుకుంటూ, శుక్రవారం చార్టు చింపి కెప్టెనక్క దగ్గరికి పట్టుకెళ్లాను.

"తప్పు నాది. పేర్లు లేకుండా అందరికీ ఒక్కటే నియమం పెట్టుకుందాం. కూర్చున్నవాళ్లలో ఇద్దరిని దాటి ఎవరూ పరుగెత్తొద్దు, మూడో మనిషికి ఖో ఇచ్చెయ్యాలి. అంతే."

కెప్టెనక్క నన్ను ఎగాదిగా చూసింది. "అందర్నీ పరేషాన్ చేసిపెట్టి, మళ్ల పంతులమ్మ లెక్క చెప్తున్నవా?" అంటూనే వంగి బూట్లు తొడిగి లేసులు కట్టుకుంది.

శనివారం మ్యాచ్ ఒక్క పాయింటుతో గెలిచాం. ఆఖరి ఔట్ ఎవరిదని ఆటల మాస్టారు అడిగితే తలా ఒక పేరు చెప్పారు, ఒక్కరూ తమ పేరు చెప్పుకోలేదు. నిజానికి ఆ ఔట్ నాదే. చెప్పకుండా ఉన్నందుకు నా వినయాన్ని చూసి నేనే వారం రోజులు మురిసిపోయాను. ఇప్పుడు ప్రార్థన ముగించి కుర్చీ పట్టుకుని లేచే వయసులో, ఆ వినయం కూడా నిలుపుకోలేక మీకు చెప్పేశాను. దేవుడు నవ్వుకునే ఉంటాడు.