ఎర్ర మేకుకు ఏడో నంబరు

మా కోటకు ఉన్నది ఒక్కటే వాకిలి. అది దాటితే చీకటి దారి రెండు మలుపులు తిరిగి లోపలి మైదానంలోకి తేలుతుంది. శత్రువులు దూసుకు రాకుండా అలా కట్టారట. శత్రువుల సంగతేమో గానీ, ఇప్పుడు నీళ్ళ ట్యాంకరూ, రాళ్ళ లారీ, పెద్దవాళ్ళ కార్లూ అన్నీ అందులోంచే పోవాలి. ఒక కారు పట్టిందంటే పక్కన మనిషికి చోటుండదు.

ఆ వాకిట్లో ఇరవై రెండేళ్ళు అడ్డగొలుసు కాపలా కాసినవాడు గొలుసు మావయ్య. అసలు పేరు హాజరు పట్టీలో ఉంది గానీ, ఆ పేరుతో పిలిచినవాళ్ళు లేరు. చండశాసనుడు. తనిఖీకి వచ్చిన అధికారిని కూడా ఓసారి కారు దిగి నడవమన్నాడు. ఆయన పళ్ళు నూరుకుంటూనే నడిచాడు.

బిళ్ళల పద్ధతి మావయ్యదే. పనివాళ్ళకు తలా ఒక రేకు బిళ్ళ, దాని మీద నంబరు. మలుపుల్లోకి పనికి వెళ్ళేవాళ్ళు తమ బిళ్ళను బోర్డు మీది ఎర్ర మేకుకు తగిలించి వెళ్ళాలి. బయటికి వచ్చాక ఎవరి బిళ్ళ వాళ్ళే తీసి నల్ల మేకుకు మార్చాలి, ఇంకొకరు ముట్టుకోకూడదు. ఎర్ర మేకుకు ఒక్క బిళ్ళ ఉన్నా గొలుసు దిగదు. ఆ బోర్డును తెచ్చి సరిగ్గా నేను కోట చూడవచ్చేవాళ్ళకు టికెట్లు ఇచ్చే కిటికీకి ఎదురుగా కొట్టించాడు. అక్కడే ఎందుకని నేనెప్పుడూ అడగలేదు.

మా మేనేజరు మావయ్యకు స్వయానా బావమరిది. డిగ్రీ చేసి ఖాళీగా తిరుగుతుంటే మావయ్యే వాళ్ళ కాళ్ళూ వీళ్ళ కాళ్ళూ పట్టుకుని ఆఫీసులో పెట్టించాడు. మేనేజరయ్యాక కూడా మధ్యాహ్నం తినేది మావయ్య క్యారియర్‌లోంచే. తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాళ్ళను నేను చాలామందిని చూశాను. ఇతను ఏకంగా దూలమే లాగేశాడు.

ఆ ఉదయం పై అధికారి చుట్టాలు కారులో దిగారు. లోపల ఊడ్చే పెద్దక్క రెండో మలుపులో పావురాల రెట్ట గీకుతోంది. ఆమె ఏడో నంబరు బిళ్ళ ఎర్ర మేకుకు వేలాడుతోంది.

"బావా, వాళ్ళను ఎండలో నిలబెడితే నా ఉద్యోగం ఊడుతుంది" అన్నాడు మేనేజరు.

"పావుగంట ఆగమనరా. ఏడో నంబరు లోపలుంది" అన్నాడు మావయ్య.

అంతలో కారు వెనక ట్యాంకరు వచ్చి రోడ్డుకు అడ్డంగా ఆగింది. దాన్ని పక్కకు పెట్టించడానికి మావయ్య పది అడుగులు అటు వెళ్ళాడు. ఆ కాస్తలో మేనేజరు ఏడో నంబరు తీసి నల్ల మేకుకు తగిలించాడు. టికెట్ చింపుతూ నేను చూశాను. పెద్దక్క బయటికి వచ్చిందేమో అనుకున్నానంటే అబద్ధం. నేనేమీ అనుకోలేదు. వరుస పొడుగ్గా ఉంది.

మావయ్య తిరిగొచ్చి బోర్డు చూశాడు. "వచ్చేసిందా?"

"ఇప్పుడే బావా. చేతులు కడుక్కోవడానికి కుళాయి దగ్గరికెళ్ళింది."

ఇంకెవరు చెప్పినా మనిషిని కళ్ళతో చూడందే మావయ్య గొలుసు దించేవాడు కాదు. చెప్పింది బావమరిది. దించాడు.

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయని ఊరికే అనలేదు. కారు లోపలికి వెళ్ళిన కాసేపటికే పెద్దక్క కేక వినిపించింది. ప్రాణం దక్కింది గానీ కాలు రెండు చోట్ల విరిగింది.

వారానికి విచారణ పెట్టారు. మావయ్య జరిగింది జరిగినట్టే చెప్పాడు. "మనిషిని చూడకుండా దించడం నా తప్పే సార్. బిళ్ళ మాత్రం నేను తీయలేదు."

"బిళ్ళల గొడవ నాకేం తెలుసు సార్. గొలుసు ఆయన చేతిలోదే కదా" అని మేనేజరు చేతులు దులుపుకున్నాడు. బావ అని కూడా అనలేదు.

మావయ్య అతని వంక ఒకసారి చూశాడంతే. తర్వాత నా వైపు తిరిగాడు. "ఆ అమ్మాయిని అడగండి సార్. తన కిటికీలోంచి అంతా కనబడుతుంది." ఆ గొంతులో బెంగ లేదు. నేనున్నానన్న ధైర్యం ఉంది.

నా కాంట్రాక్టు కాగితం పై నెల మేనేజరు టేబుల్ మీదికే రావాలి. "రద్దీగా ఉంది సార్. గమనించలేదు" అన్నాను.

ఇంకా నాలుగేళ్ళ సర్వీసుండగానే మావయ్యను ఇంటికి పంపించేశారు. వెళ్ళే రోజు గొలుసు తాళంచెవి అప్పగించడానికి మేనేజరు దగ్గరికి పోలేదు, నా కిటికీ దగ్గరికి వచ్చాడు. తిడతాడేమో అనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"అమ్మాయ్, ఆ బోర్డు నీకెదురుగా ఎందుకు కొట్టించానో తెలుసా?" అన్నాడు. "నేను పక్కకెళ్ళినప్పుడు నువ్వు చూస్తుంటావని."

తాళంచెవి టికెట్ల కట్ట పక్కన పెట్టి వెళ్ళిపోయాడు.

పై నెల నా కాంట్రాక్టు ఇంకో ఏడాది పొడిగించారు. ఆ ఏడాదంతా నేను బోర్డుకు ఎదురుగానే కూర్చోవాలి.