బావ ఆగిన నలభై సెకన్లు

మొన్న సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కాను. పక్క సీట్లో ఇద్దరు కాలేజీ అమ్మాయిలు ఒకే ఫోన్‌లోకి తలలు వంచి పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు. ఇంతగా నవ్వించేది ఏమిటా అని ఓరకంట చూశాను. మా బావ. నెరిసిన మీసం, భుజం మీద కండువా, స్టేజీ మధ్యలో నోరు మెదపకుండా నిలబడి ఉన్నాడు. నెట్ అందనప్పుడు ఫోన్‌లో తిరిగే చక్రం ఉంటుందే, దాన్ని ఎవరో ఆయన నుదుటి మీద అతికించారు. కింద ‘తాత బఫరింగ్’ అని రాసి ఉంది. ఏడేళ్ల కిందటి వీడియో అది. ఎల్బీనగర్ చివరి స్టేషన్ కాబట్టి దిగాను గానీ, లేకపోతే అలాగే కూర్చుండిపోయేవాణ్ని.

బావ అంటే మా అక్క భర్త. నల్లగొండ దగ్గరి పల్లె నుంచి వచ్చి కర్మన్‌ఘాట్‌లో స్థిరపడ్డాడు. ముప్పై ఏళ్లు సిటీ బస్సు కండక్టరు. కిక్కిరిసిన బస్సులో ముందు తలుపు దగ్గర నిలబడి “జర లోపలికి జరుగున్రి” అంటే ఆఖరి సీటు దాకా కదిలేవారట. రిటైరయ్యాక ఆ గొంతు మొత్తం ఇంట్లోనే ఖర్చు కావడం చూసి అక్క భరించలేక, “పోయి గాడ అర్వు” అని కాలనీ నాటక సంఘానికి తోలింది.

ఆ సంఘానికి నేను ప్రాంప్టర్‌ని. వింగ్‌లో, అంటే స్టేజీ పక్క తెర మాటున, పీట మీద కూర్చుని స్క్రిప్టు చూసి నటులకు మాట అందించేవాణ్ని. మా దగ్గర అది చిన్న పని కాదు. తమ్ముడి వేషం వేసే ఆయన దిల్‌సుఖ్‌నగర్‌లో ఫిజిక్స్ లెక్చరరు. సూత్రాలన్నీ కంఠతా వచ్చు, తన డైలాగు మాత్రం ఒక్కటీ రాదు. చెవిలో ఏది పడితే అదే పలికేవారు. బావకు తన మాటలే కాదు, అందరివీ వచ్చు. రిహార్సల్లో నన్ను ఆటపట్టించేవాడు: “బామ్మర్దీ, నువ్వు లేకున్నా నాటకం ఆడ్తది. చాయ్ బిస్కెట్ల కోసమన్న రా.”

ఆ ఏడు వేసింది అన్నదమ్ముల ఇంటి పంపకం నాటకం. బావది అన్న వేషం. చివర్లో అన్న కూతురు వచ్చి చిన్నాన్నతో మాట్లాడుతుంది. ఆ తర్వాతే తమ్ముడు మనసు మారి పంపకం కాగితాలు చించాలి. కూతురి వేషం మా వీధి చివర టిఫిన్ సెంటర్ నడిపే గుంటూరు వాళ్ల అమ్మాయిది. స్టేజీ ఎక్కడం మొదటిసారి. వాళ్లమ్మ ఇడ్లీ పొట్లంతో పాటు రోజూ ఒకే మాట కట్టిచ్చేది: “మా పిల్ల ఆ ఒక్క సీను కోసం మూణ్ణెల్ల నుంచీ అద్దం ముందే ఉంటోందండీ.”

నాకేమో అప్పుడే కొత్త పిచ్చి పట్టింది. నాటకాన్ని ఫోన్‌లో లైవ్ ఇవ్వాలి, ఊళ్లోని చుట్టాలంతా చూడాలి. నా పీట పక్కనే ఫోన్‌ని స్టాండుకు బిగించాను. ఒళ్లో స్క్రిప్టు, మోచేతి దగ్గర ఫోన్. నాటకం సగం దాటాక కామెంట్లు మొదలయ్యాయి. ‘జర ఇటు తిప్పు’, ‘సౌండ్ వస్తలేదు’. ఒక చేత్తో ఫోన్ తిప్పుతూ ఇంకో చేత్తో పేజీ తిప్పాను. రెండు పేజీలు అంటుకుని తిరిగాయి. నేను గమనించలేదు. కంటికి కనబడిన మాట అందించాను. లెక్చరరుగారు అందుకుని, “అన్నా, ఇవిగో కాగితాలు, చించేస్తున్నా!” అని గర్జించి, తర్వాతి మాట కోసం వాటిని పైకెత్తి అలాగే ఆగిపోయారు.

బావ దానికి జవాబు చెబితే కూతురి సీను లేకుండానే నాటకం అయిపోతుంది. ఎదురు వింగ్‌లో ఆ పిల్ల రెండు జడలతో తన వంతు కోసం నిలబడే ఉంది. బావ జవాబు చెప్పలేదు. సరైన పేజీ అందిస్తానని నా వైపు తిరిగి ఆగాడు. నేనా, తల వంచుకుని, సూర్యాపేట నుంచి మా చిన్నాయన కొడుకు ఫోన్‌లో పెట్టిన దండానికి బదులు దండం పెడుతున్నాను. నలభై సెకన్లు. హాల్లో ఎవరో ఈల వేశారు. అప్పుడు బావ ఎదురు వింగ్ వైపు తిరిగి, “బిడ్డా, జర మంచినీళ్లు తే” అన్నాడు. స్క్రిప్టులో లేని మాట. పిల్ల చురుకైనది, మేకప్ గదిలోని ప్లాస్టిక్ సీసాతోనే వచ్చేసింది. సీను నడిచింది. ఆ రోజు ఆ పిల్లకు పడినన్ని చప్పట్లు మా సంఘంలో ఎవరికీ పడలేదు.

వీడియోలో అదేమీ లేదు. ఎవరో ఆ నలభై సెకన్లే కోసుకుని, చక్రం అతికించి వదిలారు. కెమెరా చూసి ముసలాయన బిగుసుకుపోయాడని లోకం అనుకుంది. ఆయన చూసింది కెమెరాను కాదు, దాని పక్కనున్న నన్ను.

నాటకం అయ్యాక సంఘం కార్యదర్శి అడిగాడు: “ఏందన్నా, మర్సిపోయినవా?” బావ నన్నొకసారి చూసి, “వయసైతలేదా, జర యాది తప్పింది” అన్నాడు. నేను స్క్రిప్టు సంచీలో పెట్టుకుంటూ ఊరుకున్నాను. మరుసటేడు ఆయనకు వేషం ఇవ్వలేదు, సన్మానం చేశారు. “శాలువ కప్పిన్రంటే స్టాపొచ్చింది, దిగుమన్నట్టే బామ్మర్దీ” అని నవ్వాడు. మళ్లీ స్టేజీ ఎక్కలేదు. నేనూ ఆ పీట మీద మళ్లీ కూర్చోలేకపోయాను.

మొన్న మెట్రో దిగి తిన్నగా వాళ్లింటికే వెళ్లాను. బావ వరండాలో చిక్కుడుకాయలు తుంచుతున్నాడు. నిలబడే అంతా చెప్పేశాను.

“నాకెర్కనే” అన్నాడు తల ఎత్తకుండానే. “రెండు పేజీలు ఒక్కపారే తిప్పినవ్.”

“మరి గప్పుడే ఎందుకు చెప్పకపోయినవ్ బావా?”

“చెప్తే నిన్ను తీసేస్తుండిరి. యాక్టర్లు మస్తు దొర్కుతరు, ప్రాంప్టర్ దొర్కడు.” ఇంకో కాయ తుంచి నెమ్మదిగా అన్నాడు: “నువ్వే చెప్తవేమో అని మాత్రం సూసిన.”

లోపల్నుంచి అక్క బయటికి వచ్చింది. “గిదా సంగతి! యాది పెర్గాలెనని ఏడేండ్ల సంది గీయనకు బాదం పప్పులు నానవెడ్తున్న గదరా!”

ఇంటికొచ్చి ఆ వీడియో కింద జరిగిందంతా రాశాను. నవ్వే బొమ్మ ఒకటి వచ్చింది, అంతే. అందుకే ఇక్కడ రాస్తున్నాను: మా బావ ఆ రోజు ఒక్క మాటా మర్చిపోలేదు. హాల్లో ఆ నిశ్శబ్దం నలభై సెకన్లలో ముగిసింది. ఫోన్‌లో మాత్రం ఏడేళ్లయినా ఆయన అలాగే నిలబడి, నేను తల ఎత్తుతానేమోనని నా వైపే చూస్తున్నాడు.