ముందుగా పలకరించని మేడమ్

వకీల్ మేడమ్ పోయారని నాకు గన్‌ఫౌండ్రీ బస్టాప్‌లో తెలిసింది. ఆ పొద్దున మామూలుగానే మొదలైంది. ప్రార్థన చేసుకున్నాను. అమ్మకు జావ కాచిపెట్టి, బీపీ గోళీ ఇచ్చి, టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుని మెట్లు దిగాను. బ్యాంకుల షటర్లు ఇంకా లేవలేదు. ఇడ్లీ బండి మీద ఆవిరి. నల్లకోటు చేతి మీద వేసుకుని ఆమె వచ్చే వేళ అది. అబిడ్స్ మీదుగా నాంపల్లి కోర్టుకు నడిచే వెళ్లేవారు.

జిరాక్స్ షాపతను తాళం తీస్తూ ఆటో డ్రైవర్‌తో అన్నాడు. "మన వకీల్ మేడమ్ లేదు భాయ్. రాత్రి దవాఖానల పోయిందంట."

నా ముఖం చూసి అడిగాడు. "నీకు ఎరికేనా అక్కా ఆమె?"

"రోజూ ఇటుకెళ్లే పోతుండె గదా," అన్నాను. బస్సు కోసం చూస్తున్నట్టు అటు తిరిగాను.

మా తమ్ముడు నాకంటే చాలా చిన్నవాడు. పదహారేళ్లప్పుడు దోస్తులతో కలిసి ఎవరిదో బైకు తోలుకుపోయి దొరికాడు. పొడుగు మనిషి, మీసం కూడా వచ్చింది. పోలీసులు వాణ్ణీ పెద్దవాళ్లతో పాటే కోర్టుకు తెచ్చారు. వరండాలో అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది. నల్లకోటు వేసుకుని అటుగా పోతున్న ఈ మేడమ్ ఆగి, వాణ్ణి కిందికీ పైకీ చూశారు.

"ఏం చదువుతున్నవ్ రా?"

"టెన్త్ ఫెయిలైన, మేడమ్."

"ఫెయిలైనా మంచిదే. మెమో మీద పుట్టిన తారీఖు ఉంటది. పో అమ్మా, ఉరికి తీసుకురా," అన్నారు నాతో.

పద్దెనిమిది నిండనివాళ్లకు వేరే బోర్డు ఉంటుందని, వాళ్లకు బేడీలు వేయకూడదని, లాకప్‌లో ఉంచకూడదని మేము విన్నది ఆ రోజే. ఆ బోర్డు గదిలో బోను లేదు. బల్లకు అటువైపు మేజిస్ట్రేటు, ఇంకో ఇద్దరు. మా నోటి నుంచి ముద్దాయి అన్న మాట వస్తే మేడమ్ ఆపేవారు. "గా మాట పెద్దోళ్లకు. ఈనికి కాదు."

మా ఇళ్లల్లో జ్వరమొచ్చినా, ఉద్యోగం పోయినా ఆదివారం చర్చిలో లేచి నిలబడి, పేరు చెప్పి ప్రార్థన చేయమని అడుగుతాం. అమ్మ అదే చేస్తానంది. మేడమ్ పెన్ను కింద పెట్టేశారు.

"ప్రార్థన చెయ్యున్రి అమ్మా. పేరు చెప్పకున్రి. మైనర్ పేరు పేపరోళ్లు గూడ రాయొద్దు. మీ దేవునికి ఎరికే గదా ఎవలో."

అప్పటినుంచి అమ్మ "నీకు తెలిసిన ఆ బిడ్డ" అనే ప్రార్థిస్తుంది. ఇప్పటికీ మా కుటుంబ ప్రార్థనలో వాడొక్కడికే పేరు లేదు. తరువాత వాడికి పెళ్లయి వచ్చిన మరదలు అది ముద్దుకు అంటున్నదనుకుంటుంది. ఆమెకు ఈ సంగతేదీ తెలియదు.

బోర్డు వాణ్ణి మందలించి మా చేతికి అప్పగించిన రోజున మేడమ్ ఇంకో మాట చెప్పారు. "రోడ్డు మీద కలుస్తే నేను మిమ్ముల పలకరియ్య. ఏమనుకోకున్రి. నేను నమస్తే అంటే, ఈ వకీలు మీకెట్ల ఎరికే అనడుగుతరు పక్కోళ్లు. పిల్లగానికి మనసైతే వాడే పలకరియ్యాలె. గా హక్కు వానిది."

అన్నట్టే, ఇన్నేళ్లూ ఈ బస్టాప్‌లో నా ముందు నుంచే వెళ్లారు, పలకరించలేదు. కానీ నన్ను దాటేటప్పుడు నల్లకోటు ఒక చేతి మీది నుంచి ఇంకో చేతి మీదికి మార్చుకునేవారు. అది నాకోసమేనని నాకు అర్థం కావడానికి కొంతకాలం పట్టింది. తరువాత నేనూ సంచి చేయి మార్చుకోవడం మొదలుపెట్టాను. ఆమెకు పెళ్లి కాలేదు. నాకూ కాలేదు. చాలా రోజుల్లో నాకు ఇంటి బయట దొరికిన పలకరింపు అదొక్కటే. ఆమె ఈ ఊళ్లో ఇంకెంతమందిని అలా దాటిపోయేవారో. పలకరించగలిగినవాళ్లకంటే పలకరించకూడనివాళ్లే ఆమెకు ఎక్కువ ఉండి ఉంటారు.

కబురు విని సాయంత్రం తమ్ముడు ఒక్కడే వచ్చాడు. గడపలోనే కూర్చున్నాడు.

"ఒక్కసారన్న నమస్తే అనకపోతిని అక్కా. రేపు దహనానికి పోత."

"ఎవలన్న అడుగుతే ఏం చెప్తవ్ రా? నీ పెండ్లానికే ఎరుక లేదాయె," అంది అమ్మ.

"పేరు బయట పెట్టొద్దని చట్టం చెప్పింది ఊరోళ్లకమ్మా. నాకు గాదు."

"కోడలుపిల్ల అలుగుతే?"

"అలగనియ్. ఇంతకాలం చెప్పనందుకు అలగాలె గూడ."

 అమ్మ ప్రార్థనకు కళ్లు మూసుకుని, "నీకు తెలిసిన ఆ తల్లి" అంది. అంతకంటే ముందుకు పోలేకపోయింది. ఆమేన్ నేనే చెప్పాను.

ఆ సాయంత్రం మేము అనుకున్నది ఇది. వాడు ఇంటికి పోయి ముందు భార్యకు చెప్పాలి. ఆమె వస్తే ఆమెతో, రాకపోతే మాతో, పొద్దున్నే బయలుదేరాలి. ఎవరైనా ఈ మేడమ్ మీకెట్లా ఎరికే అనడిగితే అమ్మా నేనూ నోరు విప్పకూడదు. చెప్పినా, చెప్పకపోయినా వాడి ఇష్టం. మేడమ్ దగ్గరకు ముందు వాడు వెళ్లి నమస్తే పెట్టాలి. తరువాత అమ్మ. ఆఖరున నేను, సంచి చేయి మార్చుకుని.