గోడ చాలనేదాకా

మా వదిన పోయిందని ఫోన్ వచ్చినప్పుడు నేను దేవుడి దగ్గర దీపం వెలిగిస్తున్నాను. ఫోన్ చేసింది వాళ్ళ ఎదురింటి కోడలు. పొద్దున్నే లేచి పాలగిన్నె పొయ్యి మీద పెట్టి, పక్కనే కుర్చీలో కూర్చుని, అలాగే తల వాల్చేసిందట. నా నోట ముందు వచ్చిన మాట, గోపి ఏం చేస్తున్నాడని.

"పాలు పొంగకముందే స్టవ్ బంద్ జేసిండు ఆంటీ. గిప్పుడు అమ్మ పక్కన గూసున్నడు" అంది ఆ అమ్మాయి.

గోపి మా వదినకు ఒక్కగానొక్క కొడుకు. నలభై దాటినవాడు. చిన్నప్పుడు వాడికి మాట రాలేదు, చదువు రాలేదు. బుద్ధి ఎదగదని డాక్టర్లు అన్నారు. ఇప్పటికీ ఒక్కొక్క ముక్కే మాట్లాడతాడు. మేం మన్సూరాబాద్ నుంచి ఎల్బీ నగర్ చేరేసరికే చుట్టాల్లో ఒక ప్రశ్న తిరుగుతోంది. కర్మ ఎవరు చేస్తారు? మా అన్నయ్య పోయినప్పుడు, గోపి వల్ల కాదని పెద్దలంతా కలిసి మా బాబాయిగారి అబ్బాయి చేత చేయించారు. మాసికం అయ్యాక, వదిన చిక్కుడుకాయలు ఒలుస్తూ నాతో మాత్రం అంది. "నాకు మాత్రం వాడే చెయ్యాలి. నువ్వు గుర్తుపెట్టుకో."

నేను నలుగురిలో గొంతు పెంచే మనిషిని కాను. అయినా ఆ పొద్దున ఆ మాట మీద నిలబడ్డాను. ఎందుకు నిలబడగలిగానో చెప్పాలంటే ఆ ఇల్లు కట్టిన రోజుల్లోకి వెళ్ళాలి.

ఎనభైల మధ్యలో, హైస్కూలు చదువు కోసం నేను అన్నయ్య ఇంటికి వచ్చాను. అప్పటికి ఆ కాలనీ ఇంకా కాలనీ కాదు. జొన్నచేలలో హద్దురాళ్ళు పాతి ప్లాట్లు చేశారు. ఎటు చూసినా ఇసుక కుప్పలు, కంకర, సగం లేచిన గోడలు. దిల్‌సుఖ్‌నగర్‌లో బడి వదిలి ఇంటికి చేరేసరికి నా జడ ఎర్రమట్టి రంగుకు తిరిగేది. మాది కృష్ణా జిల్లా. ఎదురింటి పెద్దమ్మది ఆ నేలే; మా ఇళ్ళు లేచిన చేలు వాళ్ళవే. మా మాట విని ఆమె నవ్వేది. ఆమె మాట విని మేం నవ్వేవాళ్ళం.

గోపికి అప్పుడు ఆరేళ్ళు. వాడితో ఇల్లు నడపడమంటే ఏమిటో నేను వదినను చూసే తెలుసుకున్నాను. అన్నంలో పప్పు కలిపితే తినడు. పప్పు ఒకవైపు, అన్నం ఒకవైపు ఉండాలి. కొత్త చొక్కా ఒంటి మీద పడితే గోళ్ళతో గీరుకుని ఏడుస్తాడు. అందుకని వదిన కొత్త బట్టల్ని ఉతికి, ఎండేసి, మళ్ళీ ఉతికి, అవి పాతబడ్డాకే తొడిగేది. పండక్కి మా ఇంట్లో కొత్తబట్టలు వెలిసిపోయి ఉండేవి. క్షవరం అయితే ఇంకా కష్టం. కత్తెర చప్పుడుకే వీధి చివరి దాకా పరుగెత్తేవాడు. చివరికి వదిన వాడి కాళ్ళు నీళ్ళ తొట్టిలో పెట్టించి కూర్చోబెట్టింది. కాళ్ళు నీళ్ళలో ఉన్నంతసేపు తల ఎవరిదో అన్నట్టు ఉండేవాడు. మంగలి మాత్రం నిలువునా తడిసిపోయేవాడు.

నీళ్ళంటే వాడికి అంత పిచ్చి. నీళ్ళేమో మాకు లేనివి. బోరులో ఉప్పునీళ్ళు పడ్డాయి. తాగడానికి, వండడానికి ట్యాంకరు రావాలి. అది వచ్చిన రోజు కాలనీ అంతా బిందెలతో రోడ్డు మీదే ఉండేది. అలా పట్టుకున్న మంచినీళ్ళను గోపి చెంబుతో తోడి పారబోసేవాడు. ఎన్ని మూతలు పెట్టినా, మూతల మీద ఎన్ని రాళ్ళు పెట్టినా ఆగేవాడు కాదు. ఏ జన్మలో చేసిన పాపమో అని ఒకావిడ జాలిపడితే, వదిన చీపురు ఆపకుండానే జవాబిచ్చింది. "ఏ పాపమో తెలీదమ్మా. తెలిస్తే మీకు చెప్పేదాన్ని, మీరైనా జాగ్రత్తపడుదురు."

వదినకు నోరు ఉండేది. నా పూజ కాస్త ఆలస్యమైతే, "దేవుడు ఇప్పుడే అలా బయటికెళ్ళాడు, వచ్చేలోగా బియ్యం కడిగెయ్యి" అనేది. అంతలోనే వచ్చి, నేను పెట్టిన దీపానికి దణ్ణం పెట్టుకుని వెళ్ళేది.

ఆ ఏడు బోనాలకు పెద్దమ్మ వాళ్ళింటికి చుట్టాలు వచ్చారు. వంటలకని డ్రమ్ములు నింపి వాకిట్లో పెట్టారు. మా ఇంట్లో ఆ రోజు ఊరి నుంచి వచ్చిన బాబాయి ఉన్నారు. అందరం భోజనాల హడావిడిలో ఉండగా గోపి గేటు దాటాడు. మేం చూసేసరికి డ్రమ్ములు ఖాళీ. వాడు చెంబు పట్టుకుని, ఒళ్ళంతా తడిసి, నవ్వుతూ నిలబడ్డాడు. ఎదురింటి మగవాళ్ళు కేకలు వేశారు. అన్నయ్య తల వంచుకున్నాడు.

బాబాయి ఆ సాయంత్రం అన్నయ్యను కూర్చోబెట్టి నెమ్మదిగానే చెప్పారు. ఇలాంటి పిల్లల్ని ఉంచుకునే ఆశ్రమం ఒకటి తనకు తెలుసని, అక్కడ వదిలితే వాడికీ మంచిది, మీకూ మంచిదని. అన్నయ్య కాదనలేదు. వదిన వంటింటి గుమ్మం దగ్గరే నిలబడి, "దసరా దాకా ఆగండి మామయ్యగారూ" అంది. దసరాకి ఏమవుతుందని ఆయన అడిగితే, గిన్నెలు సర్దడానికి లోపలికి వెళ్ళిపోయింది. ఆమెకూ తెలియదు కాబోలు.

చీకటి పడకముందు వదిన క్షమాపణ చెప్పుకోవడానికి ఎదురింటికి వెళ్ళింది. నన్నూ తీసుకెళ్ళింది. పెద్దమ్మ వాకిట్లో నిలబడి, కొత్తగా లేస్తున్న తన పక్కవాటా గోడను చూస్తోంది.

"ఇటు రా బిడ్డా" అంది. "నీ కొడుకు నీళ్ళు మట్టిల పోయలే. చూడు, అంత గోడకే పోసిండు."

నిజమే. సిమెంటు గోడ ఈ చివర నుంచి ఆ చివర దాకా నల్లగా తడిసి ఉంది. వాడి చెయ్యి అందని పైభాగం మాత్రం తెల్లగా ఉంది. కింద ఎక్కడా ఒక్క పొడి మచ్చ లేదు.

"కొత్త గోడలు గట్టివడాలంటే పొద్దుమాపు నీళ్ళు గొట్టాలె. కూలోళ్ళు సగం గొట్టి పోతరు. వానికి నీళ్ళంటే పాణం, నా గోడలకేమో దూప" అంది పెద్దమ్మ. "బోరు నీళ్ళియ్యి వానికి. జర నువ్వు పక్కన ఉండు."

వదిన వెళ్ళి ఆ తడి గోడ మీద చెయ్యి పెట్టి చూసింది. తరవాత ఎన్నోసార్లు నాతో చెప్పింది, ఆ రోజు ఆ గోడే తనకు దారి చూపించిందని. అంతకుముందు ఏ పని నేర్పినా గోపికి అది ఎక్కడ మొదలో, ఎక్కడ ఆఖరో తెలిసేది కాదు. గోడకు నీళ్ళు కొడితే ఆ తికమక లేదు. పొడిది తెల్లగా ఉంటుంది, తడిసింది నల్లగా ఉంటుంది. చేసినదీ చేయాల్సినదీ వాడి కళ్ళకు కనిపిస్తుంది.

మర్నాటి నుంచి పాఠం మొదలైంది. వదినది ఒకటే పద్ధతి. "ఒక్కటే చెప్పాలి. రెండోది రేపు చెప్పాలి. రేపటికి మొదటిది రాకపోతే మళ్ళీ మొదటిదే." ముందు పైపు పట్టుకోవడం. అది వచ్చాక పై నుంచి కిందికి కొట్టడం. ఆపడం మాత్రం ఎంతకీ రాలేదు. గోడంతా నల్లబడ్డా పైపు వదిలేవాడు కాదు. లాక్కుంటే నేల మీద పడి దొర్లేవాడు. అప్పుడు వదిన పైపు లాక్కోవడం మానేసింది. వాడి అరచేతిని తడి గోడకు ఆనించి, "చాలంటోంది. గోడ చాలంటోంది" అనేది. ఆ తరవాత వాడి చేతే కుళాయి కట్టించేది. రోజూ అదే మాట, అదే గోడ, వానాకాలం అంతా. వాన పడితే వాడు గోడ దగ్గరికి వెళ్ళి, తన పని వాన చేసేసిందని అలిగి కూర్చునేవాడు.

ఒక సాయంత్రం నేను మెట్ల మీద కూర్చుని చదువుకుంటున్నాను. గోపి గోడ తడిపి, తనంతట తానే అరచెయ్యి ఆనించి, "చాలు" అన్నాడు. ఎవరో అన్నారనుకుని నేను చుట్టూ చూశాను. వాడు వెళ్ళి కుళాయి కట్టేశాడు. వదిన అక్కడే మట్టిలో కూలబడిపోయింది. వాడికి అదే మొదటి మాట. ఆ రాత్రి ఆమె నా దీపంలో ఇంకొంచెం నూనె పోసి వెళ్ళి పడుకుంది.

దసరాకి బాబాయి వచ్చారు, ఇస్త్రీ పంచెలో. గోపి ఎదురింట్లో ఉన్నాడంటే చూడడానికి వెళ్ళారు. వెళ్ళినవారు గోడకు వీపు ఆనించి నిలబడి, పెద్దమ్మ భర్తతో మాటల్లో పడ్డారు. గోపి ఒక చివర నుంచి తడుపుకుంటూ వచ్చాడు. ఆయన దగ్గరికి రాగానే ఆగాడు. ఆయన చుట్టూ జాగ్రత్తగా తడిపాడు. అవతలి చివర దాకా వెళ్ళి, తిరిగి వచ్చి, పైపు కిందికి పట్టుకుని ఆయన ముందు నిలబడ్డాడు. బాబాయి మాటలు తెగలేదు. గోపి పాపం చాలాసేపు ఓపిక పట్టాడు. ఆ తరవాత పైపు ఎత్తాడు.

ఆయన ఎగిరి పక్కకు దూకారు. గోడ మీద ఆయన ఆకారంలోనే తెల్లటి మచ్చ ఉంది, తలా భుజాలూ పంచె కుచ్చిళ్ళతో సహా. గోపి దాన్ని కూడా తడిపి, చెయ్యి ఆనించి, చాలన్నాడు.

"జరగాలె గదనయ్యా" అంది పెద్దమ్మ, నవ్వు ఆపుకోకుండా. "పొడి జాగ ఒదలడు మా పోరడు."

మా పోరడు. ఆ మాట విని వదిన కొంగుతో మొహం తుడుచుకుంది. బాబాయి తడిసిన పంచె పిండుకుంటూ కాసేపు గోపినే చూశారు. ఆఖరికి ఆయనా నవ్వారు. ఆశ్రమం మాట మళ్ళీ ఎత్తలేదు.

ఆ తరవాత కాలనీలో ఏ ఇల్లు లేచినా మేస్త్రీలు మా గేటు దగ్గరికి వచ్చేవారు. స్లాబు పోసి, దాని మీద మళ్ళు కట్టి నీళ్ళు నింపితే, గోపి ఆ మళ్ళ మధ్య చిన్న రైతులా తిరిగేవాడు. పక్కన వదిన గొడుగు వేసుకుని కూర్చునేది. పెద్దయ్యాక సాగర్ రోడ్డులో, తుర్కయంజాల్ దారిలో ఒక మొక్కల నర్సరీలో పనికి కుదిరాడు. బస్సు ఎక్కడం, దిగడం, అన్నం వండుకోవడం, తలుపు గడియ పెట్టుకోవడం, పాలు పొంగకముందే పొయ్యి ఆపడం, అన్నీ ఒక్కొక్కటిగానే వచ్చాయి. "ఎందుకింత నెమ్మది" అని ఎవరైనా అడిగితే, "మాకు తొందరేం లేదు, ఇల్లు మాదే" అనేది వదిన.

సాయంత్రం నర్సరీ నుంచి రాగానే గోపి ప్రహరీ గోడ తడపాలి. ఆ గోడకు నీళ్ళ అవసరం తీరి ఎన్నో ఏళ్ళయింది, వాడికి తీరలేదు. వదిన ఆ గోడకే ఆనుకుని, చిన్న స్టూలు మీద కూర్చుని ఆ పూట కూర తరిగేది. వాడు ఆమె చుట్టూ తడిపి, ఆమె లేచాక ఆ పొడి జాగా కూడా తడిపి, చాలనేవాడు.

అన్నయ్య పోయిన తరవాత ఇంకో పాఠం మొదలైంది. నేను వెళ్ళినప్పుడల్లా చూసేదాన్ని. గోపి మట్టికుండను ఎడమ భుజం మీద పెట్టుకుని జామచెట్టు చుట్టూ తిరిగేవాడు. కుండకు చిల్లు ఉండేది, నీళ్ళు సన్నగా కారేవి. ఆఖరికి కుండ వెనక్కి జారవిడవాలి, కింద ఎండుగడ్డి పరిచి ఉండేది. "ఇక తిరిగి చూడకు. లోపలికి రా, అన్నం పెడతా" అనేది వదిన. అది చెట్లకు నీళ్ళు పెట్టడమో, ఏదైనా మొక్కుబడో అనుకుని, ఏ దేవుడికి వదినా అని అడిగాను. "ఏ దేవుడికీ కాదులే" అని నవ్వింది.

మా ఇళ్ళలో ఆడవాళ్ళు శ్మశానానికి వెళ్ళరు. వదిన పోయిన రోజు, కర్మ గోపి చేతే చేయించాలని చుట్టాల్ని ఒప్పించి, నేనూ వెళ్ళాను. గోపి ఒక్క పొడి మచ్చ కూడా వదలడని అందరికీ తెలుసు కనుక, చితి మీద కుండ ఒంపి కట్టెలన్నీ తడిపేస్తాడని చుట్టాల భయం. బాబాయిగారి అబ్బాయి తడిబట్టలతో పక్కనే సిద్ధంగా నిలబడ్డాడు. గోపి భుజం మీదికి కుండ ఎత్తారు. వెనక నుంచి చిల్లు పెట్టారు.

అప్పుడు నాకు అర్థమైంది, జామచెట్టు చుట్టూ ఆమె నేర్పింది ఏమిటో. గోపి తొందరపడలేదు. నీళ్ళు సన్నగా నేల మీదే పడుతున్నాయి. ఒక్క చుక్క కట్టెల మీద పడలేదు. ఆఖరి చుట్టు అయ్యాక తల వైపు నిలబడి కుండ వెనక్కి వదిలాడు. అది పగిలిన చప్పుడుకు మేమంతా ఉలిక్కిపడ్డాం. వాడు ఉలిక్కిపడలేదు. "చాలు" అన్నాడు. నిప్పు పెట్టి, తిరిగి చూడకుండా నడిచి వచ్చాడు. బాబాయిగారి అబ్బాయి ఎదురెళ్ళి వాడి చెయ్యి పట్టుకుని, "మా వల్ల కూడా ఇంత బాగా కాదురా గోపీ" అన్నాడు.

తన తరవాత బిడ్డ ఏమవుతాడోనని ప్రతి తల్లీ దిగులుపడుతుంది. మా వదిన ఆ దిగులునూ పాఠం చేసింది. తనను సాగనంపడం కూడా వాడికి నేర్పి వెళ్ళింది. ఇన్నేళ్ళుగా నేను దేవుణ్ణి అడిగింది, ఆమె తన చేత్తో చేసుకుంది. అందుకే నాకు ఏడుపు కన్నా దణ్ణం ముందు వచ్చింది.

వదిన ఇంటి పైవాటాలోకి మేం మారుతున్నాం. గోపిని చూసుకోవడానికని అందరూ అనుకుంటున్నారు. నాకు మోకాళ్ళ నొప్పులు. నీళ్ళ బిందె పైకి ఎవరు తెచ్చి పెడతారో వాళ్ళకు తెలియదు.

దహనం జరిగిన సాయంత్రం, స్నానాలయ్యాక గోపి పైపు తీసుకుని ప్రహరీ గోడ దగ్గరికి వెళ్ళాడు. ఎవరూ వద్దనలేదు. ఎప్పటిలాగే ఆ చివర నుంచి ఈ చివర దాకా, పై నుంచి కిందికి తడిపాడు. గోడంతా నల్లబడింది. వదిన స్టూలు ఉండే చోట, కూర్చున్న మనిషి ఎత్తున, తెల్లగా కొంత మిగిలింది. వాడు దాని ముందు కాసేపు నిలబడ్డాడు. పైపు ఎత్తలేదు. పక్కన తడిసిన గోడకు అరచెయ్యి ఆనించి, చాలని చెప్పి, వెళ్ళి కుళాయి కట్టేశాడు.