బ్రెడ్డు ఎవరికి?

మాచర్లలో నరసరావుపేట బస్సెక్కేసరికి సీట్లన్నీ నిండిపోయాయి. నా చేతిలో తువ్వాలులో చుట్టిన బ్రెడ్డు ఇంకా వేడిగానే ఉంది. ఈస్టు లేకుండా, మజ్జిగా వంటసోడా కలిపి, కుక్కర్ అడుగున ఇసుక పోసి నేనే కాల్చాను. అంతకుముందు చేసినవన్నీ రాళ్ళే అయ్యాయి, ఇదొక్కటే పొంగింది. నరసరావుపేటలో అమ్మకి చూపిద్దామని తీసుకెళ్తున్నాను. ఎవరైనా అడగకపోతారా అని తువ్వాలు కాస్త పక్కకి తీసే పట్టుకున్నాను.

ముందు సీట్లో ఉన్న పెద్దావిడ అడిగింది. "ఎవరికి బాగాలేదమ్మా?"

"అందరూ బానే ఉన్నారు పెద్దమ్మా. ఇది ఇంట్లో నేనే చేశాను."

"బ్రెడ్డు జరమొచ్చినోళ్ళు తినేది గదమ్మా. మీ ఆయనకా?" అంటూ జరిగి నాకు చోటిచ్చింది.

తిని చూస్తేనన్నా నమ్ముతుందని ఒక ముక్క తుంచి ఇవ్వబోయాను. ఆమె నా చెయ్యి వెనక్కి నెట్టింది.

"ఆయన నోటికాడది నాకెందుకు? టైఫాయిడా ఏంది?"

గురజాల దాటేసరికి నా ఓపిక అయిపోయింది. "మామూలు జ్వరమే," అన్నాను. ఆ సమయానికి మా ఆయన ఇంట్లో మిరపకాయ బజ్జీలు తింటున్నాడు.

పిడుగురాళ్ళలో దిగుతూ ఆమె తన సంచిలోంచి రెండు బత్తాయిలు తీసి నా ఒళ్ళో పెట్టింది.

"రసం తీసియ్యి. కారం మాత్రం పెట్టమాక."

ఇప్పుడు నా బ్రెడ్డు ప్రతిసారీ పొంగుతుంది. కాలుతున్న వాసన రాగానే, ఎందుకైనా మంచిదని, మా ఆయన నుదుటి మీద ఓసారి చెయ్యి వేసి చూస్తాను.