వేంపల్లె బస్సులో నా రెగ్యులేటర్

నౌకాదళంలో పదిహేనేళ్లు నీటిలోకి దిగే పని చేసి ఇంటికొచ్చాను. తర్వాత ప్రొద్దుటూరు ఐటీఐలో ఫిట్టర్ పని నేర్పే ఉద్యోగం దొరికింది. కాపురం జమ్మలమడుగులో. నీళ్ల మీద మోజు మాత్రం పోలేదు. ఏడాదికి రెండుసార్లు మద్రాసు వెళ్లి, అక్కడ పాత సహోద్యోగి సిలిండర్ ఇస్తే, వీపుకు కట్టుకుని సముద్రంలో ఓ పూట మునిగి వచ్చేవాణ్ణి.

సిలిండర్‌లోని గాలిని నోటికి అందించే రెగ్యులేటర్ మాత్రం ఎవరిది వాళ్లు తెచ్చుకోవాలి. నాది పాతకాలపు ఇత్తడిది. రైలు దిగేసరికి భుజం వాచిపోయేది. ఇక లాభం లేదని ఆ ఏడు తేలికైనది కొందామని బయలుదేరాను.

హార్బరు వెనక సందులో ఓ ముసలాయన దుకాణం ఉంది. ఆయన మూడింటిని బల్ల మీద పెట్టాడు. ఒకటి టైటానియంది, అరచేతిలో పట్టేంత చిన్నది. చూడగానే దాని మీద మనసు పడింది.

"ఏడాదికి ఎన్నిసార్లు దిగుతారు?" అన్నాడాయన.

"రెండుసార్లు. మహా అయితే మూడు."

"అయితే ఇది సముద్రంలో కన్నా మీ బీరువాలోనే ఎక్కువ రోజులు ఉంటుంది. బీరువాలో ఉండి చెడిపోనిది తీసుకోండి. దీని రబ్బరు ఎండిపోతే విదేశం నుంచి తెప్పించాలి."

రెండోది చల్లటి సముద్రాల్లో రోజూ మునిగేవాళ్ల కోసం చేసినది, బరువు. మూడోది చూడ్డానికి ఏమంత బాగాలేదు. సిలిండర్‌కు బిగించే ముక్క చిన్నది, లోపల కదిలే భాగాలు తక్కువ, నోట్లో పెట్టుకునేది ప్లాస్టిక్‌ది. విప్పి చూపించాడు. ఫిట్టర్‌ని కదా, నా చేతులతో నేనే బాగుచేసుకోగలనని తెలిసిపోయింది. సిలిండర్‌కు తగిలించి నాలుగు సార్లు పీల్చి చూశాను. గాలి హాయిగా వచ్చింది. అదే తీసుకున్నాను. గుడ్డ సంచిలో రెండు చొక్కాల మధ్య ఇమిడిపోయింది.

తెల్లారి కడపలో రైలు దిగాను. పులివెందులలో టీచరుగా ఉన్న మా చెల్లెలిని చూసి పోదామని వేంపల్లె మీదుగా వెళ్లే బస్సెక్కాను. పార్టీల పేరుతో ఊళ్లకు ఊళ్లే రెండుగా చీలిపోయిన కాలం అది. బస్సులో ఎవరూ ఎవరి ఊరూ అడిగేవాళ్లు కాదు.

వేంపల్లెలో ఒకాయన చీనీకాయల గంపతో ఎక్కి నా పక్కన కూర్చున్నాడు. నలభై ఏళ్లుంటాయి. ఎడమ చెవి తమ్మె చీలి ఉంది. గంపను మా ఇద్దరి కాళ్ల ముందు పెట్టాడు.

"మామా, గంప జరుగుతాంది. రవ్వంత కాలు అదిమి పెట్టుకో."

గంప అంచు మీద కాలు వేసి గట్టిగా అదిమాను. గతుకు వచ్చినప్పుడల్లా ఆయన నా కాలి వైపు చూసేవాడు. కాయలు దెబ్బతింటాయని బెంగ కాబోలు అనుకున్నాను.

పులివెందుల ఇంకా నాలుగు మైళ్లుందనగా పోలీసులు బస్సు ఆపారు. ఒక కానిస్టేబుల్ సంచులు తడుముతూ వచ్చి నా సంచిలో చెయ్యి పెట్టాడు. నల్లటి గొట్టాలు, తళతళలాడే లోహపు ముక్క, సిలిండర్‌లో గాలి ఎంతుందో చూపే ముల్లున్న మీటర్ బయటికొచ్చాయి. వాడి ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"బాంబు సార్! గడియారం గూడా ఉండాది!"

బస్సంతా ఒక్కసారిగా లేచింది. కిటికీల్లోంచి దూకినవాళ్లున్నారు. నా పక్కాయన కూడా జనంతో పాటే దిగిపోయాడు. ఎస్సై తుపాకీ నా ఛాతీకి గురిపెట్టాడు.

"ఏంటిది?"

"గాలి పీల్చుకునేది సార్."

"బస్సులో గాలి లేదా నీకు?"

కానిస్టేబుల్ దాన్ని రెండు వేళ్లతో దూరంగా పట్టుకుని కిందికి దిగి, రోడ్డు పక్కన పోలీసులు పెట్టుకున్న బక్కెట్టు నీళ్లలో ముంచాడు. కిటికీలోంచి చూస్తే లోహపు ముక్క మూత ఊడి ఉంది. లోపలికి నీళ్లు పోతే చెడిపోతుంది. గుండెకు తుపాకీ ఉండగానే "మూత పెట్టండప్పా!" అని అరిచాను. భయంలో మనిషి ఏం మాట్లాడతాడో మనిషికే తెలియదు.

నన్ను దించడానికి దారి చాలక ఇంకో కానిస్టేబుల్ గంపను ఎత్తబోయాడు. బరువు చూసి అనుమానమొచ్చి పై కాయలు తీశాడు. తీసి, అలాగే ఆగిపోయాడు. కింద వరిగడ్డి. గడ్డిలో పురికొస చుట్టిన నాటుబాంబులు.

"ఎవురిదిరా ఈ గంప?" అన్నాడు.

చుట్టూ చూశాను. ఆయన లేడు. అరగంటసేపు నేను బాంబుల మీద కాలు అదిమి కూర్చున్నానని అప్పుడు తెలిసింది. నన్ను కిందికి దించారు. రోడ్డు మీదే కూలబడ్డాను.

స్టేషన్‌లో ఆయన ఆనవాళ్లు చెప్పాను. చెవి సంగతి కూడా రాయించి సంతకం చేశాను. మధ్యాహ్నానికి మా చెల్లెలు వచ్చి, నేను ఎవరో, ఆ వస్తువేమిటో చెబితే వదిలారు. రెగ్యులేటర్‌ను ఏడు నెలలకు ఇచ్చారు. లోపలంతా చిలుము. విప్పి, తోమి, రెండు రబ్బరు వాషర్లు మార్చాను. పని చేసింది.

మరుసటి ఏడు ఎన్నికలు. జమ్మలమడుగు దగ్గర ఒక పల్లెలో నాకు పోలింగు డ్యూటీ పడింది. పొద్దున్నే పార్టీ ఏజెంట్లు తమ నియామక కాగితాలు తెచ్చారు. వాళ్లలో ఒకాయనకు తెల్లచొక్కా, ఛాతీ మీద బ్యాడ్జీ, చీలిన చెవి తమ్మె. కాగితం నా చేతికిచ్చి నా ముఖంలోకి చూశాడు. నవ్వాడు.

"ఏం మామా, బాగుండావా? ఆ పొద్దు కాలు బలే గట్టిగా పెట్టినావు. నువ్వు కాలెత్తింటే గంప దొర్లి ఇద్దరమూ పోయుంటిమి."

చుట్టాన్ని పలకరించినట్టే అన్నాడు. ఏ జంకూ లేదు. వాకిట్లో పోలీసు ఉన్నాడు, పది అడుగుల దూరం. లేవాలనుకున్నాను. మా ఇల్లు, మా చెల్లెలి ఇల్లు, రోజూ నేనెక్కే ప్రొద్దుటూరు బస్సు కళ్లముందు కదిలాయి.

"బాగుండాప్పా," అన్నాను.

కాగితం మీద ముద్ర వేసిచ్చాను. ఆయన నా ఎదుటి బెంచీ మీద సాయంత్రం దాకా కూర్చుని, ఓటుకు వచ్చిన ప్రతి మనిషినీ పేరుపెట్టి పలకరించాడు. నేను వాళ్ల వేళ్లకు సిరా రాస్తూ పోయాను.