బుసాన్ పూటకూళ్లవ్వ

ఆ జనవరిలో నా ఉద్యోగం, దక్షిణ కొరియాలోని బుసాన్ నగరంలో మాంసం, చేప తగలని భోజనం ఎక్కడ దొరుకుతుందో కనుక్కోవడం. నేనున్నది మాత్రం ఐర్లండ్‌లో, డ్రోహెడా ఊళ్లో, కరోనా వల్ల ఇంటి నుంచి ఐదు కిలోమీటర్లు దాటకూడదన్న రోజుల్లో.

ప్రయాణికుల కోసం ఒక చిన్న కంపెనీ ఫోన్ యాప్ తయారుచేస్తోంది. ఎవరూ ఎక్కడికీ వెళ్లని కాలంలో, రేపెప్పుడో వెళ్లేవాళ్ల కోసం పట్టికలు సిద్ధం చేయడం మా పని. పుట్టినప్పటి నుంచి ముక్క ముట్టనిదాన్ని కాబట్టి శాకాహారం పట్టిక నాకిచ్చారు. ఒక్కో హోటల్‌కి వరుసగా మూడు రోజులు ఫోన్ చేసి, తెరిచే ఉందని తేలితేనే పేరు ఉంచాలి. ఐర్లండ్‌లోనే గాల్వే ఊళ్లో ఉండే మా సహోద్యోగి ఒకతను బుసాన్‌లోనే పుట్టిపెరిగినవాడు. అతను నాకు నాలుగు కొరియా వాక్యాలు నేర్పించాడు. నేను వాటిని తెలుగు అక్షరాల్లో రాసి గోడకి అంటించుకున్నాను. తెరిచి ఉన్నారా? మాంసం లేని వంట ఉందా? పులుసులో ఎండు నెత్తళ్లు వేస్తారా? నేను ఒక్కదాన్నే. జవాబు నాకు అర్థమయ్యేది కాదు. రికార్డు చేసి అతనికి పంపితే, తీరిక దొరికినప్పుడు విని ఇంగ్లీషులో చెప్పేవాడు.

ఉదయం ఎనిమిదింటికి ఇక్కడ ఇంకా చీకటి. అక్కడ సాయంత్రం ఐదు, వంటలు మొదలయ్యే వేళ. సముద్రం ఒడ్డున చల్లటి సోయా పాలలో నూడుల్స్ వేసి ఇచ్చే దుకాణం, బజారు వెనక సందులో బార్లీ అన్నంలో ఆకుకూరలు కలిపి పెట్టే చోటు, తామరాకులో అన్నం ఉడికించే ఇల్లు. ఒక్కొక్కటే ఫోన్ చేసేదాన్ని. సగం నంబర్లు మోగి మోగి ఆగిపోయేవి. అప్పుడు కంప్యూటర్‌లో వీధుల బొమ్మలు తెరిచి, బాణం గుర్తు నొక్కుతూ ఆ సందుల్లో నడిచేదాన్ని. బొమ్మల్లోని మనుషులందరికీ మొహాలు చెరిపేసి ఉండేవి. బయట మా ఊరి వంతెన మీద ఒక్క మనిషీ లేడు. తెర మీద మొహాల్లేని జనం. కొన్నాళ్లకు నేను ఏ ఊళ్లో ఉన్నానో నాకే సరిగ్గా తెలిసేది కాదు.

నేను అద్దెకుండే ఇంట్లో నాతోపాటు ఒక అక్క ఉండేది. భీమవరం వైపు మనిషి. ముసలివాళ్ల సంరక్షణ కేంద్రంలో నర్సు. మా కరీంనగర్ మాట వింటే ఆమెకు నవ్వు, ఆమె గోదావరి సాగదీత వింటే నాకు నవ్వు. ఆమె గది మేడ మీద. నా గది, స్నానాలగది కింద. వాళ్ల కేంద్రంలో జబ్బు పాకడంతో, పనివాళ్ల కోసం ఏర్పాటు చేసిన గదుల్లోనే పదిరోజులుగా ఉంటోంది. "నీకు ఆయాసం ఉంది కదమ్మాయ్, నేను మోసుకొచ్చి నీకు అంటించానంటే మీ అమ్మకేం చెప్పుకోను?" అని వెళ్లేముందు గుమ్మంలో నిలబడి అంది. నేను వంటింటి బల్ల దగ్గర పనిచేసుకునేదాన్ని. మేడ మీద వేడినీళ్ల సిలిండరు ఉండే చిన్న అల్మరా నుంచి, దాన్ని ఇక్కడ హాట్ ప్రెస్ అంటారు, గొట్టాలు నా బల్ల వెనక గోడ మీదుగా కిందికి దిగేవి. పక్కింట్లో స్కూళ్లు లేని పిల్లలు రోజంతా గంతులేస్తుండేవాళ్లు. ఆ గోల భరించలేక, బయటి చప్పుడేదీ చొరబడని హెడ్‌ఫోన్లు కొనుక్కున్నాను. పొద్దున పెడితే మధ్యాహ్నం తిండికే తీసేదాన్ని.

ఒక సోమవారం పట్టికలో కొండ కింద గుడికి దగ్గరున్న భోజనశాల వంతు వచ్చింది. ఉల్లి, వెల్లుల్లి కూడా వేయరని రాసి ఉంది. రెండో రింగుకే ఒక ముసలావిడ గొంతు పలికింది. నా ప్రశ్నలు అడిగాను. ఆమె వాటికి జవాబు చెప్పినట్టు అనిపించలేదు. నిదానంగా, బాగా తెలిసినవాళ్లతో మాట్లాడినట్టు చాలాసేపు మాట్లాడి పెట్టేసింది.

గాల్వే అతను మధ్యాహ్నం ఫోన్ చేశాడు. "అన్నం అయిపోవస్తోంది, రమ్మంటోంది. మిగతాది తర్వాత చెప్తాను. అది సరే, ఆ వీధి బొమ్మ చూశావా?"

చూశాను. పాత బొమ్మలో నీలం బోర్డు, వాకిట్లో జాడీలు, వంగి ఏదో ఏరుతున్న మొహం లేని మనిషి. కొత్త బొమ్మలో అక్కడ రేకుల కంచె ఉంది. లోపల చదును చేసిన నేల. పక్క ఇళ్లూ లేవు.

"ఇల్లే లేదు గదా, మరి ఫోన్ ఎక్కడ మోగుతోంది?" అన్నాను.

"అదే నాకూ అర్థం కాలేదు" అన్నాడు.

మంగళవారం లేచేసరికి హాల్లో దీపం వెలుగుతోంది. రాత్రి నేనే ఆర్పడం మరిచిపోయానేమో అనుకున్నాను. వంటింట్లో నేను నీళ్లు తాగే స్టీలు గ్లాసు కనిపించలేదు. వెతికి వెతికి వేరేది తీసుకున్నాను. అంతలో అక్క నుంచి మెసేజ్. బాగున్నాను, డ్యూటీలో ఉన్నాను, నువ్వు వేళకి తిను, అని. ఎనిమిదింటికి మళ్లీ ఫోన్ చేశాను. ముసలావిడ వెంటనే ఎత్తింది. నేను ఒక్కదాన్నే అనే వాక్యం చదివాను. ఆమె నవ్వి, ఏదో సరిదిద్దినట్టు ఒక మాట రెండుసార్లు అంది. తూ బున్, తూ బున్.

ఆ సాయంత్రం అతను చెప్పాడు. "'తూ బున్' అంటే ఇద్దరు. మీరిద్దరు కదా, ఇద్దరికీ పళ్లాలు పెట్టానంటోంది. నువ్వు ఇద్దరని చెప్పావా?"

"లేదు. మీరు నేర్పిందే చదివిన."

"వయసైపోయింది పాపం" అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం. ఫోన్ పెట్టేశాక మాత్రం నేను లేచి వెనక తలుపు గొళ్లెం చూసి వచ్చాను.

బుధవారం ఆమె నవ్వలేదు. నా ప్రశ్నలు అయ్యేదాకా కూడా ఆగలేదు. గట్టిగా, తొందరగా మాట్లాడింది. మధ్యలో ఆగి వింటున్నట్టుగా ఊరుకుంది. నేనేమీ మాట్లాడలేదు. అయినా "ఉం, ఉం" అని ఎవరికో జవాబిచ్చింది. నేనే ఫోన్ పెట్టేశాను. ఆ రికార్డు పంపి, ఇంకెప్పుడూ అక్కడికి ఫోన్ చేయనని రాశాను.

పన్నెండు కావస్తుండగా అతను ఫోన్ చేశాడు. పలకరింపు లేదు.

"ఇంట్లో ఒక్కదానివే ఉన్నావా?"

"అవును. ఎందుకు?"

"ఆవిడేమంటోందంటే, నీ వెనక ఒంట్లో బాగాలేని మనిషి ఉందట. ఆమెకి అన్నం పెట్టకు, గంజి కాచిపెట్టు, అంటోంది. నేను నమ్మలేదు. కానీ శబ్దం పెంచి విన్నాను. ఎవరో ఇనుము మీద కొడుతున్నారు. తర్వాత ఒక ఆడగొంతు. కొరియా భాష కాదు, ఇంగ్లీషూ కాదు. నీకు వినిపిస్తాను, ఉండు."

నా గొంతు, ముసలావిడ గొంతు వినిపించాయి. ఆ రెంటి వెనక చాలా దూరంగా టంగ్, టంగ్, టంగ్ అని మూడు దెబ్బలు. ఆ వెంటనే, ఊపిరి సగంలో తెగిపోతూ, "అమ్మాయ్... నీళ్లు."

హెడ్‌ఫోన్లు తీసేశాను. ఆ రోజు ఉదయం నుంచి మొదటిసారి ఇల్లు నాకు వినిపించింది. పక్కింటి పిల్లలు, ఫ్రిజ్, కిటికీ మీద సన్నటి వాన. నా బల్ల వెనక గొట్టంలో ఏ చప్పుడూ లేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

గబగబా మెట్లెక్కాను. అక్క గది తలుపు లోపల నుంచి తాళం వేసి ఉంది. పిలిచాను. జవాబు లేదు. ఇంటి యజమాని మారుతాళాలు వంటింటి అల్మరాలో, టీ పొడి డబ్బా వెనక ఉండేవి. కిందికి పరుగెత్తి, తెచ్చి, ఒక్కొక్కటీ దూర్చి చూశాను. మూడోది తిరిగింది.

ఆమె మంచం మీద లేదు. హాట్ ప్రెస్ వైపు గోడకి ఆనుకుని నేల మీద కూచుని ఉంది. పెదాలు నీలంగా ఉన్నాయి. గోడలోంచి బయటికొచ్చిన గొట్టం పక్కన నా స్టీలు గ్లాసు, సొట్టలు పడి ఉంది.

"అక్కా! ఎప్పుడొచ్చినవ్? నాకెందుకు చెప్పలే?"

"దగ్గరకి రాకమ్మాయ్" అంది. అంతే అనగలిగింది.

చున్నీ ముక్కుకి కట్టుకుని నీళ్లు తాగించాను. అంబులెన్స్‌కి ఫోన్ చేశాను. తెల్లటి సూట్లు వేసుకున్న ఇద్దరు వచ్చారు, వాళ్లకీ మొహాల్లేవు, అద్దాలూ మాస్కులే. "షీ'ల్ బి గ్రాండ్, లవ్" ఆమెకేం కాదులే తల్లీ అన్నట్టుగా అంది వాళ్లలో ఒకామె, కుర్చీలో అక్కని కిందికి దించుతూ. 

అక్క మంగళవారం తెల్లవారకముందే జ్వరంతో ఇంటికి వచ్చిందట. వంటింట్లో గ్లాసుతో నీళ్లు తీసుకుని, నేను లేవకముందే పైకి వెళ్లి తాళం వేసుకుంది. చెబితే నేను గంజి పట్టుకుని తలుపు దగ్గరికి వస్తానని, రెండు రోజులు పడుకుంటే తగ్గిపోతుందని అనుకుంది, అందుకే డ్యూటీలో ఉన్నానని మెసేజ్ పెట్టింది. ఆ రాత్రికే ఫోన్ చార్జింగ్ అయిపోయింది. చార్జరు కేంద్రంలో ఉండిపోయింది. బుధవారానికి లేచి తలుపు దాకా రాలేకపోయింది. పిలిచింది, గొట్టం మీద కొట్టింది. కింద పది అడుగుల దూరంలో కూచుని నేను బుసాన్‌లో శాకాహారం గురించి అడుగుతున్నాను. ఇన్నేళ్లయినా ఈ వాక్యం తేలిగ్గా రాయలేకపోతున్నాను.

ఆమె పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉంది. నాకు పరీక్షలో జబ్బు లేదని తేలినా, ఇంట్లోంచి కదలొద్దన్నారు. ఆ రోజుల్లో గాల్వే అతను ముసలావిడకి తానే ఫోన్ చేసి దండాలు చెప్పాడు. ఆమె ముప్ఫై ఏళ్లు ఆ భోజనశాల నడిపిందట. కొండ మీది గుడికి వెళ్లే సన్యాసినులే ఎక్కువగా వచ్చేవాళ్లు, అందుకే చేప తగలనిచ్చేది కాదు. కిందటి ఏడాది అపార్ట్‌మెంట్ల కోసం ఆ వీధంతా పడగొట్టారు. నంబరు మాత్రం వదులుకోలేక కొడుకింటికి తెచ్చుకుంది. ఎవరు ఫోన్ చేసినా రమ్మంటుంది, ఎంతమంది అంటే అంతమందికి వండుతుంది. ఎవరూ రారు. కోడలు అది పక్క ఫ్లాట్ల గుమ్మాల ముందు పెట్టి వస్తుంది.

"వెనక ఇంకొకరున్నారని ఎలా తెలిసిందని అడిగారా?" అన్నాను.

"అడిగాను. దగ్గు వినబడిందట."

అంతవరకూ నాకు సరిపోయింది. కానీ ఖాళీ ఇంట్లో చేయడానికేమీ లేక, ఒక మధ్యాహ్నం మూడు రికార్డులూ మొదటి నుంచి విన్నాను. బుధవారంలో దెబ్బలున్నాయి. మంగళవారంలో సన్నటి దగ్గు ఉంది. సోమవారం రికార్డులో నా గొంతు, ఫ్రిజ్ మోత తప్ప ఇంకేమీ లేదు. ముసలావిడ మాటలు సాగుతున్నాయి. చివర్లో, పెట్టేసేముందు, స్పష్టంగా అంది. తూ బున్.

సోమవారం ఉదయం అక్క ఇంకా ఇంటికి రాలేదు. అతన్ని అడిగితే, "మీరిద్దరూ జాగ్రత్తగా రండి అంది. ఊరికే అలవాటు మాటేమో" అన్నాడు. 

అక్క ఇంటికొచ్చిన రోజు చింతపండు పప్పు చేసి, అన్నం మెత్తగా వండాను. ఆమెకి వాసన, రుచి రెండూ పోయాయి. పులుపు ఒక్కటే లీలగా తెలుస్తోందంది.

"ఎలా ఉందో నువ్వు చెప్పవే, నేను తింటాను" అంది.

"ఉప్పు జర తక్కువైంది. పోపుల ఇంగువ ఎక్కువైంది. మెంతులు కొంచెం మాడినయ్" అన్నాను.

నవ్వబోయి దగ్గింది. తింటుండగా సోమవారం రికార్డు సంగతి చెప్పాను.  ఆమె చెయ్యి కంచంలోనే ఆగింది.

"ఎన్నింటికది?"

"పొద్దుగాల ఎనిమిదింటికి."

"ఆ వేళకి నేను స్టాఫ్ రూంలో ఒక్కదాన్నే కూచున్నాను. అప్పుడే చలి మొదలైంది. ఇంటికి పోతే బాగుండును, ఆ పిల్ల దగ్గరికి పోతే బాగుండును, అని ప్రార్థన చేసుకుంటున్నాను."

 కంపెనీ పట్టికలో ఆ భోజనశాల పక్కన తెరిచి ఉంది, మూసేశారు అని రెండే గడులున్నాయి. అప్పటికి నేను ఇంకా ఏదీ నింపలేదు. ఎలా నింపాలో అక్కని అడుగుదామనుకున్నాను. ఆమె కంచం ముందుకు జరిపి, ఇంకో గరిటె అన్నం పెట్టమంది.